పొగ తగలని చోటు

“బయటికి రా! ముందు బయటికి రా, తర్వాత మాట్లాడుకుందాం!”

వాచీల మెకానిక్ తన భార్య చెయ్యి పట్టుకుని పడవ గదిలోంచి పైకి ఎక్కించాడు. నెలలు నిండిన మనిషి, ఒక్కో మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంది. కింద గోడకున్న విషవాయువు అలారం చెవులు చిల్లులు పడేలా కూస్తూనే ఉంది. ఆమెను గాలి ఆడే చోట కూర్చోబెట్టి అతను పడవ వెనక్కి పరుగెత్తి జనరేటర్ ఆపేశాడు.

“ఇందాకట్నుంచీ తల పగిలిపోతోంది. ఎండకేమో అనుకున్నా,” అందామె.

“ఎండా లేదు, గిండా లేదు. ఇది జనరేటర్ పొగ. అందులో ఉండే విషానికి వాసన కూడా ఉండదట. నిద్ర వచ్చినట్టే ఉండి, మనిషి మళ్లీ లేవడట!” అతను జనరేటర్ వైపు వేలు చూపించాడు. “బయటే పెట్టాను కదా, ఇంకేం భయమనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది. చూడు, గొట్టం సరిగ్గా మన మెట్ల వైపే తిరిగి ఉంది.”

ఆ తెరచాప పడవే వాళ్లకి ఇల్లు. పాత డీజిల్ ఇంజన్ పీకించేసి, బ్యాటరీలతో తిరిగే మోటారు పెట్టించుకున్నారు. మామూలుగా అయితే రేవులో ప్లగ్గు పెడితే చాలు, బ్యాటరీలు నిండిపోతాయి. నిన్నటి నుంచి రేవులో కరెంటు లేదు. తెరచాప ఎత్తుకుందామంటే ఆకు కదలడం లేదు. ఆస్పత్రేమో నీళ్లకి అవతలి ఒడ్డున ఉంది. చుట్టూ తిరిగి వెళ్లే రోడ్డంతా గుంటలు, ఆ కుదుపులు పనికిరావని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రేపు పొద్దున్నే వచ్చి చేరమంది. అందుకే అతను కాళ్లావేళ్లా పడి ఈ చిన్న జనరేటర్ అద్దెకు తెచ్చాడు.

“పోనీ, రేవు గట్టు మీద పెడితే?” అంది భార్య.

“నలుగురూ నడిచే దారి. దారిన పోయే వాళ్లకి పొగ తగిలితే ఆ పాపం ఎవరిది?”

ఎంత కంగారులో ఉన్నా వాచీలు విప్పే చేతులు కదా, పని మాత్రం పద్ధతిగా చేశాడు. జనరేటర్ చల్లారేదాకా పెట్రోలు డబ్బా ముట్టుకోలేదు. పోసిన తర్వాత డబ్బాను దూరంగా పెట్టాడు. వైరు తడి తగలకుండా పైనుంచి లాగాడు. జనరేటర్‌ను గట్టు లేని రెండో వైపుకి, పడవ అంచు దాకా జరిపి తాళ్లతో బిగించాడు. గొట్టం మూతి పడవ బయటికి తిప్పాడు. గది తలుపులన్నీ తీసి, అలారం నోరు మూసి పచ్చలైటు వెలిగేదాకా భార్యను లోపలికి అడుగు పెట్టనివ్వలేదు.

మళ్లీ మోత మొదలైంది. వెంటనే పక్క పడవలోంచి కర్రతో గోడ మీద కొట్టిన చప్పుడు వినిపించింది.

“తాతగారు లేచారు,” అని ఆమె నవ్వింది.

పక్క పడవలో ఒక్కడే ఉండే ఆ పెద్దాయనకి చప్పుడంటే ఒళ్లుమంట. రేవంతా ఆయన్ని కర్ర తాతగారనే పిలుస్తుంది. రెండు పడవల మధ్య మూరెడు నీళ్లు కూడా లేవు, వీళ్లింట్లో చెంచా జారిపడితే అక్కడ కర్ర లేస్తుంది. పొద్దున మోత వినగానే బయటికొచ్చి తగువు పెట్టుకోనే పెట్టుకున్నాడు.

“ఏం నాయనా, కిటికీ తీస్తే నీ మోత, వేస్తే ఉక్క. ఫ్యాను లేదు. నన్ను చావమంటావా?”

“ఈ ఒక్కరోజుకీ ఓర్చుకోండి తాతగారూ. రేపు మా ఆవిడని ఆస్పత్రిలో చేర్చాలి.”

ఆమె కడుపు వంక చూసి ఆయన సణుక్కుంటూ లోపలికి పోయాడు.

ఇప్పుడు మాత్రం కర్ర ఆగడం లేదు. టక టక టక.

“కాసేపు ఆపుదామా? పాపం, ముసలాయన,” అంది భార్య.

“ఆపితే బ్యాటరీలు నిండవు. ఆయన కునుకు ముఖ్యమా, నువ్వు ముఖ్యమా? నీ తలనొప్పి ఎలా ఉంది?”

“తగ్గిపోయింది. పచ్చలైటే వెలుగుతోంది, వందసార్లు అడక్కండి.”

టక్... టక్... కాసేపటికి అదీ ఆగింది.

“చూశావా, అలవాటు పడ్డాడు,” అన్నాడతను.

మధ్యాహ్నం వాలేసరికి బ్యాటరీలు దాదాపు నిండాయి. అతనికి గుండెల మీద బరువు దిగినట్టయింది. భార్య టీ పెట్టి ఒక గ్లాసు చేతికిచ్చింది. “తాతగారికి ఇచ్చి రండి. నాలుగు మంచి మాటలు చెప్పండి. పురుడయ్యాక మళ్లీ పక్కపక్కనే బతకాలి.”

అతను అంచు దాటి పక్క పడవ మీదికి దిగి తలుపు కొట్టాడు. పలుకు లేదు. కోపం ఇంకా తగ్గలేదు కాబోలనుకుని నవ్వుకుంటూ, తమ పడవ వైపు తెరిచి ఉన్న కిటికీ దగ్గరికొచ్చి వంగి చూశాడు. పెద్దాయన మంచం దిగి కింద గోడవారగా పడుకుని ఉన్నాడు. బుగ్గలు ఎర్రగా, చంటిపిల్లాడిలా ఉన్నాడు. నిద్రలో కూడా కర్ర వదల్లేదు.

“తాతగారూ, టీ!” అన్నాడు మెల్లగా.

అప్పుడే మెడ వెనక వెచ్చగా గాలి తగిలింది. రెండు రోజులుగా ఎదురుచూస్తున్న గాలి! మోటారుతో కూడా పనిలేదిక, తెరచాప ఎత్తేయొచ్చు. ఆ మాట భార్యకు చెబుదామని సంబరంగా వెనక్కి తిరిగాడు.

అది గాలి కాదు, తన జనరేటర్ పొగ.