కత్తిరించిన నాలుగు నిమిషాలు

ఫైలు మరీ పెద్దదంటూ మెయిల్ మూడోసారి తిరిగొచ్చింది. ఆసుపత్రిలో పోయే ముందు నా భార్య తన చెల్లెలి కోసం రికార్డు చేసిన మాటలవి.

"పాతిక ఎంబీ దాటితే వెళ్ళదు బావా. పంతులుగారివి, ఈమాత్రం తెలీదా? చివర మాటల్లేని ముక్కేదైనా ఉంటే తీసేసి పంపు. అక్క గొంతు వినందే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు," అంది మరదలు ఫోన్లో.

నాకు వినే ధైర్యం లేదు. మాటలున్న చోట కంప్యూటర్ తెర మీద శబ్దాన్ని చూపే గీత ఎగుడుదిగుడుగా ఉంది. చివరి నాలుగు నిమిషాలూ తిన్నగా ఉంది. ఆ ముక్క కత్తిరించేశాను. ముప్ఫై ఎంబీల ఫైలు తగ్గాల్సింది పోయి ముప్ఫై నాలుగు అయింది. మళ్ళీ కత్తిరిస్తే ముప్ఫై ఎనిమిది. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చేసేది లేక రెండు ముక్కలుగా పంపేశాను.

కాసేపటికి ఫోన్ మోగింది. మరదలు ఏడుస్తూనే నవ్వుతోంది.

"అక్క ఒంటరిగా పోయిందని ఇన్నాళ్ళూ కుమిలిపోయాను. పక్కనే ఉన్నానని ఒక్క మాట చెప్పలేదేం బావా? ఎంతసేపు మాట్లాడుకున్నారు!"

ఆమె ఆ మాటలు రికార్డు చేసి పోయిన వేళకి నేను బడిలో పాఠం చెబుతున్నాను. ఆ సంగతి చెప్పేలోపే, అటువైపు మరదలు మళ్ళీ పెట్టిన రికార్డులో నా గొంతు వినిపించింది.

"భయపడకు. ఇక్కడే ఉన్నాను."