దుప్పటి కప్పుకున్నదెవరు?

పెద్ద దర్శకుడు కాకముందు, పదిహేనేళ్ళ వయసులో తమ్ముడు ఇదే ఇంట్లో ఒక దెయ్యం సినిమా తీశాడు. ఉన్నది ఇద్దరే: అరువు తెచ్చిన కెమెరా పట్టింది వాడు, వేషాలన్నీ అక్కవి. భయపడే పిల్లా తనే, తెల్ల దుప్పటి కప్పుకున్న దెయ్యమూ తనే. ఆ దెయ్యం నడకను పొగడని వాళ్ళు లేరు. ముప్ఫై ఏళ్ళ తర్వాత, రేపు దానికే అక్కకు బహుమతి ఇస్తున్నారు.

ఈ రాత్రి అక్క భర్త ఊళ్ళో లేరు. స్టేజీ మీద ఏం మాట్లాడాలో చూసుకుందామని ఆమె ఒక్కతే ఆ సినిమా పెట్టుకుంది. మధ్యలో ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసి, తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, నా వెనక మెట్లు దిగుతున్న దెయ్యం ఎవర్రా?"

"నువ్వే కదక్కా."

"నేను కుర్చీలో కూర్చుని వణుకుతున్నాను కదరా, మహానుభావా! నువ్వేమైనా..."

"కెమెరా నా చేతిలోనే ఉంది. స్టాండు కొనే మొహాలా మనవి?"

తమ్ముడు గొంతు తగ్గించాడు.

"అక్కా, ఎవరితోనూ అనకే. ఆ ఒక్క షాటు చూసే నాకు మొదటి సినిమా ఇచ్చారు."

ఫోను పెట్టేసి ఆమె చీకటి మెట్ల వైపు చూసింది. ముప్ఫై ఏళ్ళుగా ఇంకొకరి పొగడ్తలు తను మింగేసిందా? భయం కంటే ముందు సిగ్గేసింది.

"ఇదిగో, నాకు తెలీదు సుమా," అంది మెల్లగా. "రేపు ఆ బహుమతి నువ్వే తీసుకో."

పైన బీరువా తలుపు కిర్రుమంది. ఆ తర్వాత, ఎన్నాళ్ళుగానో మడతలో ఉన్న దుప్పటిని ఎవరో శ్రద్ధగా దులుపుతున్న చప్పుడు.