మూడు సెంట్ల ముగ్గు

ఆఫీసరు వచ్చేలోపు చెయ్యాల్సిన పనులు పేటపెద్ద ఏసోబు తెల్లారేసరికల్లా గుడిసె గుడిసెకూ తిరిగి చెప్పాడు. ఇత్తడి బిందె ఉన్నవాళ్ళు చుట్టాలింట్లో పెట్టి రావాలి. కోళ్ళను గంప కింద మూసెయ్యాలి. నలగని చీర కట్టకూడదు. పేరు రాయించుకున్న మనిషి పనికి పోకుండా గుడిసె దగ్గరే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఏది అడిగినా లేదనాలి.

“పొలం పుట్రా?”

“లేదు.”

“సొంతిల్లు?”

“లేదు.”

తిరువూరు బస్టాండు వెనక వరసలో ముప్పై ఏడు గుడిసెల వాళ్ళ చేతా అలా పలికించాడు. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. నెల తిరిగేసరికి ఈ గుడిసెలు ఉండవు. ఇల్లు లేదన్నవాళ్ళకు ఊరి చివర మూడు సెంట్ల స్థలం, పట్టా. ఉందన్నారో, చెట్టు కిందే కాపురం. ఎమర్జెన్సీ రోజులు కదా, ఆఫీసర్లు కూడా చెప్పిన టైముకే వస్తున్నారు.

అంతోనమ్మ అన్ని పనులూ చేసింది. ఎవరూ చెప్పని పని ఇంకొకటి కూడా చేసింది.

“ఇదేం పోయేకాలమే నీకు!” పక్క గుడిసె జోజమ్మ బుగ్గలు నొక్కుకుంది. “ఆఫీసరొచ్చే వేళకి ఈ ముగ్గేంటే?”

గుడిసెల వెనక ఖాళీ జాగాలో సున్నపు గీతలు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. అంతోనమ్మ తాపీ పనికి వెళ్తుంది. పునాది తవ్వేముందు మేస్త్రి తాడు పట్టి ముగ్గు పోస్తుంటే ఊళ్ళో ఎన్ని ఇళ్ళకు చూసిందో! పొద్దున్నే అత్త పుల్లమ్మ “మూడు సెంట్లంటే ఎంతే?” అని అడిగింది. చూపిద్దామని అడుగులతో కొలిచి, తట్టలో మిగిలిన సున్నంతో చుట్టూ గీత పోసింది. అక్కడితో చెయ్యి ఆగలేదు. ముందు గది వచ్చింది. దాని వెనక వంటిల్లు వచ్చింది. తూర్పున గుమ్మం, ఉత్తరాన కిటికీ వచ్చాయి. పుల్లమ్మ అప్పుడే ముందు గదిలో గోనెపట్టా పరుచుకుని కూర్చుంది.

జోజమ్మ విసురుగా గీత దాటబోయింది.

“ఒసే జోజీ, గోడలోంచి వస్తావేంటే? గుమ్మం అటుంది” అంది పుల్లమ్మ.

“ముసలిదానికి మతిపోయింది” అని నవ్వుతూనే జోజమ్మ చుట్టూ తిరిగి గుమ్మం దగ్గరకొచ్చింది. గుడిసెలో దూరే అలవాటు కొద్దీ నడుం వంచింది.

“వంగక్కర్లేదు వదినా. ఆరడుగుల గుమ్మం” అంది అంతోనమ్మ.

జోజమ్మ నిటారుగా నిలబడి లోపలికొచ్చింది. గీత వెంట గీత, నాలుగు గోడలూ చూసింది. రెడ్డిగూడెం తోటల వైపు నుంచి మామిడిపూత వాసన గాలిలో తేలి వస్తోంది.

“కిటికీ తీశావా ఏంటే? చల్లగా ఉంది” అంది పుల్లమ్మ కళ్ళు మూసుకుని.

“తీశానత్తా.”

“మరి దీపం గూడేదే అంతోనీ?” జోజమ్మ మెల్లగా అడిగింది.

“అదుగో, నీ భుజం పక్కన.”

జోజమ్మ భుజం కాస్త పక్కకు జరుపుకుంది.

అంతలో ఏసోబు పరుగెత్తుకొచ్చాడు. “జీపొచ్చింది! ఇదేంటే? కొంప ముంచుతావా? చెరిపెయ్ ముందు!”

అంతోనమ్మ కాలెత్తింది. పాదం కింద వంటింటి గోడ ఉంది. ఆ పాదం గీత మీదికి దిగలేదు. మెల్లగా వెనక్కి తీసుకుంది.

ఆఫీసరు కుర్రవాడే. చేతిలో ఫైలుతో నేరుగా గీతల మీదికే నడిచొస్తున్నాడు.

“అయ్యా బాబూ, గుమ్మం అటండి!” అని కేకేసింది పుల్లమ్మ.

ఏసోబు తల పట్టుకున్నాడు. ఆఫీసరు కిందికి చూశాడు. గీతల వెంట ఆయన చూపు గది తిరిగింది, వంటిల్లు తిరిగింది. చుట్టూ నడిచి గుమ్మం దగ్గరకొచ్చి, బూట్లు విప్పి లోపలికొచ్చాడు. ఆ వరసలో ఏ గుడిసె ముందూ ఒక పెద్దమనిషి బూట్లు విప్పింది లేదు.

పుల్లమ్మ గోనెపట్టా ఆయనకిచ్చి తాను నేలమీదికి జరిగింది. “కూర్చో నాయనా. ఇల్లూ వాకిలీ లేనిదానా అని ఊరందరి చేతా అనిపించుకున్నదాన్ని. మా ఇంటికి చుట్టం రావడం ఇదే మొదలు” అంది. ముడతల మొహం వెలిగిపోతోంది.

ఆయన కూర్చుని ఫైలు విప్పాడు. “పేరు?”

“అంతోనమ్మండీ.”

“పొలం ఉందా?”

“లేదండీ.”

“సొంతిల్లు ఉందా?”

ఆ మాట ఆయన కాగితంలోకి చూస్తూ అడగలేదు. గోడల వంక చూస్తూ అడిగాడు. గీత అవతల ఏసోబు తల అడ్డంగా ఊపుతున్నాడు. ‘లేదను, లేదను’ అని జోజమ్మ పెదవులు కదులుతున్నాయి. పుల్లమ్మ మాత్రం కోడలి వంక చూస్తూ నవ్వుతోంది.

ఆ వరసలో ముప్పై ఆరుగురికి పట్టాలొచ్చాయి. అంతోనమ్మ పేరు ఏ పట్టా కాగితంలోనూ లేదు. అందుకే ఇది చదివిన మీరైనా ఆమెను గుర్తుంచుకోండి. ఆఫీసరు పెన్ను ఆపి, “బాగా ఆలోచించుకుని చెప్పమ్మా” అని రెండోసారి అడిగినప్పుడు కూడా, అత్త మొహం మీది నుంచి చూపు తిప్పకుండా, “ఉందండీ. మీరు కూర్చున్నది మా ఇంట్లోనేగా” అన్న మనిషి ఆమె.