పంటి వేరులో అనుమానం

"ఎంగిలితో వస్తుందా?" దర్జీ భార్య మళ్ళీ అడిగింది.

వాచిన బుగ్గ పట్టుకుని ఆమె కుర్చీ అంచున కూర్చుంది. పళ్ళ డాక్టరమ్మ ఓపిగ్గా మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. పంటి వేరు చుట్టూ వాపుకు మూలం బ్యాక్టీరియాయే. కాకపోతే పెదవి మీద పొక్కులు తెప్పించే జాతి వైరస్‌లు కూడా అక్కడ చేరి వాపును ఎగదోస్తాయేమోనని పరిశోధకుల అనుమానం. వైద్యం చేసినా ఈమె వాపు తిరగబెడుతోందని చీము పరీక్షకు పంపితే, అలాంటి వైరస్ ఒకటి బయటపడింది.

"ఎంగిలితో అంటుకుంటుంది, నిజమే. కానీ చాలామందికి చిన్నప్పుడే అంటుకుని ఒంట్లో నిద్రపోతూ ఉంటుందమ్మా. ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేం," అంది డాక్టరమ్మ.

దర్జీ భార్య చెవికెక్కినవి రెండే మాటలు. ఎంగిలి, పెదవి మీద పొక్కులు.

ఆ పొక్కులు ఎవరికో ఆమెకు బాగా తెలుసు. కాజాలు, గుండీలు కుట్టడానికి దర్జీ కొట్టుకి వచ్చే కాజాలమ్మాయికి అవి తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంటాయి. పైకేమో "అన్నయ్యా, అన్నయ్యా" అంటూ మొగుడి చుట్టూ తిరగడమొకటి.

ఆసుపత్రి నుంచి కొట్టుకి వచ్చి కూర్చుందే గానీ దర్జీ భార్య కళ్ళన్నీ ఆ పిల్ల మీదే ఉన్నాయి. కాజాలమ్మాయి దారం చిక్కుపడకుండా పొడవునా పెదాల మధ్య లాగి, సూదికెక్కించి, తలెత్తి దర్జీ వంక చూసింది. ఆ చూపేమిటో, ఆ సోకేమిటో!

గుడ్డ కత్తిరిస్తూ దర్జీ, భార్యతో వేళాకోళమాడాడు. దారాలు తెంపడానికి తను కొనిచ్చిన చిన్న కత్తెర సొరుగులోనే తుప్పు పట్టిపోతోందన్నాడు. కాజాలమ్మాయి కిసుక్కున నవ్వింది. దాంతో దర్జీ భార్యకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ పిల్లకీ మీకూ ఏమిటి సంబంధం?"

దర్జీ బిత్తరపోయాడు. "నీకేమైనా మతిపోయిందా?"

"దాని జబ్బు నా నోట్లోకి మీ నోటి నుంచి కాక ఇంకెక్కణ్ణుంచి వస్తుందండీ?"

పాపం, అతను కత్తిరిస్తున్న గుడ్డ వదిలేసి తెల్లమొహం వేశాడు. ఆ తెల్లమొహమే రుజువనుకుంది ఆమె. ఇంతకాలం నమ్మి చేసిన కాపురం ఇదా అని కుమిలిపోయింది. ఈ కొట్లో ఉంటే ఆ పిల్లయినా ఉండాలి, తనైనా ఉండాలని తేల్చి చెప్పేసింది. దర్జీ తల దించుకుని మళ్ళీ గుడ్డ కత్తిరించసాగాడు.

"నేనేం చేశానక్కా? ఈ పని పోతే మా అమ్మకు మందులెలా?" అంది కాజాలమ్మాయి.

"నువ్వేం చేశావో నీకే తెలియాలి. ఆ చొక్కా ఇచ్చి వెళ్ళు. రేపట్నుంచి రాకు."

కాజాలమ్మాయి ఆఖరి గుండీకి ముడి వేసి, ఎప్పట్లాగే సూది వేలాడుతుండగానే చొక్కా అందించింది. కొసరు పని ఎప్పుడూ అక్కదే.

దర్జీ భార్య కళ్ళు తుడుచుకుని చొక్కా అందుకుంది.

అలవాటుగా, దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికింది.