పుట్టగొడుగుల సీసా

"ముక్కూ మొహం తెలియనివాళ్ల టూల్‌ని మన కంప్యూటర్లలోకి రానిచ్చేది లేదు," అంది జ్డెంకా, సీసాలోంచి ఊరబెట్టిన పుట్టగొడుగును ఫోర్కుతో గుచ్చి తీస్తూ. చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో మా ట్రామ్ టికెట్ల కంపెనీ కంప్యూటర్ల భద్రత ఆవిడదే.

"ఒక్క కమాండుతో ప్రోగ్రాములన్నీ అదే తెచ్చి పెడుతుంది మేడమ్. లోకమంతా వాడుతోంది."

"దాని కోడ్ నువ్వు చదివావా రాడిమ్?"

"ఎవరో ఒకరు చదివే ఉంటారు కదా."

"ఆ ఎవరో ఒకరి పేరు చెప్పు, సంతకం పెడతాను."

నాకు ఒళ్లు మండింది. "మీరు తింటున్నవి అడవిలో ఎవరు ఏరారో మీకు తెలుసా?"

"అకౌంట్స్‌లో వ్లాస్తా ఇచ్చింది," అంటూనే ఆవిడ ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది. "వ్లాస్తా, ఈ పుట్టగొడుగులు నువ్వే ఏరావా?"

"నాకంత ఓపికెక్కడిది? రాడిమ్ వాళ్ల అత్తగారు ఏరినవి. అతనే తెచ్చి ఆఫీసు వంటగదిలో పెడతాడుగా."

జ్డెంకా నవ్వి ఫోర్కు నాకందించింది. "మనవాళ్లవేనన్నమాట. నువ్వూ ఒకటి తిను."

మా అత్తగారికి చూపు ఆనడం లేదు, మంచి పుట్టగొడుగేదో విషపుదేదో పోల్చుకోలేదు. అయినా అడవికి వెళ్లడం మానదు. అందుకే ఆ సీసాలు మా ఇంట్లో ఎవరూ ముట్టరు.

"వద్దు మేడమ్," అన్నాను, సీసా నా వైపు లాక్కుంటూ. "ముందు వెళ్లి ఆ కోడ్ చదువుకొస్తాను."