రాగి ప్యాకింగ్

"ఇంజను ఆపరా బాబూ, నీకు దణ్ణం పెడతాను! చెవులు పోతున్నాయి!"

అవనిగడ్డ షెడ్డులో మెకానిక్ నతానియేలు రెండు చెవులూ మూసుకుని అరిచాడు. శోభనాద్రి తాళం తిప్పాడు. తెల్ల అంబాసిడరు ఆఖరిసారి ఫటేల్మని ఊరుకుంది. ఎదురు హోటల్లో కాఫీ తాగేవాళ్లు హమ్మయ్య అనుకున్నారు.

"సాయంత్రం లోపల దీని నోరు మూయించాలి బాబాయ్. లేకపోతే నాకు పెళ్లి లేదు, వీరదుర్గ లేదు, అసలు బతుకే లేదు!"

"ముందు ఏమైందో చెప్పి ఏడవరా."

"ఏమవుద్ది! వాళ్ల నాన్న పిచ్చేశ్వరరావుగారు నిన్న నలుగురిలో మీసం మెలేశాడు. 'రేపు సాయంత్రం నీ కారేసుకుని మా ఇంటికి రా. దాని చప్పుడు నా చెవిన పడకుండా వచ్చావా, పిల్లనిస్తా. పడిందా, అట్నుంచటే తిప్పుకుని పో' అన్నాడు. ఊరంతా ఒకటే నవ్వు."

నవ్వరూ మరి! ఆ కారు కోడూరు దాటిందంటే హంసలదీవిలో కొబ్బరికాయలమ్మేవాళ్లు గబగబా దుకాణాలు తెరిచేవారు, కార్తీక స్నానాలకి లారీల్లో జనం దిగుతున్నారని. అలాంటిది నోరు మూసుకోవడమా? ఈ జన్మకి కాదు. పిచ్చేశ్వరరావు ధీమా కూడా అదే.

నతానియేలు బానెట్ ఎత్తి తొంగిచూశాడు. ఇంజనుకీ పొగగొట్టానికీ మధ్య ఉండాల్సిన ప్యాకింగు ఎప్పుడో మాడి మసైపోయింది. దాని చోట ఏదో రేకుముక్క ఇరికించి ఉంది. పొగా మోతా ఆ సందులోంచే తన్నుకొస్తున్నాయి.

"ఇదేంట్రా, పాలడబ్బా రేకా?"

"అర్జంటని నేనే కత్తిరించి పెట్టా బాబాయ్."

"సిగ్గు లేకపోతే సరి!"

నతానియేలు లోపలికెళ్లి మూడు కొత్త ప్యాకింగులు తెచ్చి మడ్‌గార్డు మీద పరిచాడు. ఒకటి పల్చటి అట్టలాంటిది. ఒకటి బూడిదరంగులో మందంగా ఉంది, ఆస్బెస్టాస్‌ది. మూడోది రాగి రేకు తొడిగింది, కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది.

శోభనాద్రి ఠక్కున మందంగా ఉన్నది తీశాడు. "ఇది వెయ్యి. ఎంత మందంగా ఉంటే అంత చప్పుడు ఆగుద్ది."

"కారుకి దుప్పటి కప్పుతున్నామనుకున్నావా? ఇట్టా బిగిస్తే అట్టా నలిగిద్ది. నాలుగు రోజుల్లో మళ్లీ నా ప్రాణానికే వస్తావు. రాగిది వేస్తా."

"నాకు నాలుగు రోజులెందుకు బాబాయ్? ఈ సాయంత్రం గడిస్తే చాలు!"

"రాగిదే! వేడెక్కేకొద్దీ సందుల్లో సర్దుకుని కూర్చుంటది. పక్కన పడుకున్న పిల్లి కూడా లేవదు."

"ఏంటి, ఇంత పట్టుబడతన్నావు?"

"పెళ్లి నీదైనా పని నాది కదరా. ఇంకో మాట. ఊళ్లో రోడ్డంతా గుంతలు, నట్లు వదులవుతాయి. కాలవ గట్టు మీదుగా వెళ్లి వాళ్ల పెరటి వైపు దిగు."

పొద్దు వాలుతుండగా శోభనాద్రి బయల్దేరాడు. బండి స్టార్టయిందని తెలియక రెండోసారి తాళం తిప్పబోయాడు పాపం! గట్టు మీద కొంగలు లేవలేదు. బాతులైతే దారికడ్డంగా నిలబడి కదలమన్నాయి, దిగి తోలుకోవాల్సొచ్చింది. ఇన్నాళ్లూ అవి తనకి మర్యాద ఇస్తున్నాయనుకున్నాడు వెర్రినాగన్న! ఆనందం పట్టలేక పాట అందుకున్నాడు. ఆ చప్పుడెక్కడ మావగారి చెవిన పడుద్దోనని వెంటనే నోరు నొక్కేసుకున్నాడు.

పెరటి వెనక కారాపి, గడ్డివామి చుట్టూ తిరిగి రెండడుగులు వేశాడో లేదో, ఠక్కున ఆగిపోయాడు.

గడ్డివామి చాటున పిచ్చేశ్వరరావు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కంచం. కంచం నిండా మండపీతల పులుసు. నోట్లో పీత కాలు.

కార్తీకమాసం! నెల్లాళ్లూ ఎవరింట్లో నీచు వాసనొచ్చినా గుమ్మంలో నిలబడి కడిగిపారేసే మనిషి. నిన్నగాక మొన్న, చేపముక్క తిన్నాడని సొంత బావమరిదినే వనభోజనాల పంక్తిలోంచి లేపేసిన మనిషి.

"ఎ... ఎట్టా వచ్చావురా?"

"కార్లోనే మావయ్యా."

"మరి చప్పుడేదిరా?"

"మీరే కదా వద్దన్నారు!"

"అదికాదబ్బాయ్... పక్కింటి సరోజమ్మ పంపింది... వాళ్లు కిరస్తానీలు కదా, కార్తీకం లేదు... కాదంటే నొచ్చుకుంటదని..."

"ఏమండీ!" వంటింట్లోంచి మహాలక్ష్మమ్మ గొంతు ఖంగుమంది. నెలంతా ఒంటిపూట భోజనంతో దీపాలు పెడుతున్న ఇల్లాలు. "అక్కడెవరితోనండీ మాటలు?"

పిచ్చేశ్వరరావుకి పైప్రాణాలు పైనే పోయాయి. కంచం గడ్డిలోకి తోశాడు. చేతులు గడ్డికే తుడుచుకున్నాడు. మీసం దులుపుకుని లేచాడు.

"అల్లుడుగారొచ్చారే! వీసమెత్తు చప్పుడు లేకుండా వచ్చారు! తాంబూలం పళ్లెం తియ్!" అని కేకేసి, గొంతు తగ్గించాడు. "బాబూ, నువ్వు చూసింది..."

"నేనేం చూశాను మావయ్యా?"

"బంగారు తండ్రివి!"

దీపాలు పెట్టే వేళకల్లా తాంబూలాలు మార్చుకునే రోజు కూడా ఖాయమైపోయింది. శోభనాద్రి నేల మీద నడుస్తున్నాడో గాల్లో తేలుతున్నాడో తెలియకుండా వచ్చి కారెక్కాడు. వీరదుర్గ పెరటి దారిన వచ్చి కిటికీ దగ్గర వంగింది.

"బావా, నతానియేలు బాబాయి రాగిదే వేశాడా?"

"నీకెట్టా తెలుసు?"

"పొద్దున్నే సరోజక్క ఇంట్లోంచి ఫోన్ చేసి చెప్పింది నేనే. నువ్వేమన్నా సరే రాగిదే వెయ్యమనీ, గట్టు మీదుగానే పంపమనీ."

శోభనాద్రి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "అంటే... మీ నాన్న గడ్డివామి చాటున పీతలు తింటాడని నీకు ముందే తెలుసా?"

వీరదుర్గ ఓణీ చెంగు ఓసారి వాసన చూసుకుని కిసుక్కున నవ్వింది.

"తెలియకపోవడమేంటి బావా, సరోజక్క వంటింట్లో కూర్చుని ఆ పులుసు పెట్టిందే నేనైతే!"