ఆ పొద్దున ఎక్కడున్నారు?

"యుద్ధం మొదలైనప్పుడు నేను సరిహద్దులోనే ఉన్నా. తుపాకీ ఎక్కుపెట్టి!" మాజీ సైనికుల సభలో సుబేదారు మైకు అదిరేలా అన్నాడు. అతనికి ముందు మాట్లాడినవాళ్లందరూ అక్కడే ఉన్నారట.

తర్వాత, ఆ యుద్ధం నుంచి తిరిగిరాని ఆర్మీ డ్రైవరు భార్యకు మైకు ఇచ్చారు.

"ఆ పొద్దున మా ఆయన సెలవు మీద ఇంట్లో ఉన్నాడు. అంట్లు తోముతున్నాడు."

సభ గొల్లున నవ్వింది.

"బాగుండదమ్మా, సరిహద్దులో ఉన్నాడని చెప్పండి," అధ్యక్షుడు గొణిగాడు.

"ఇంతమంది అక్కడే ఉంటే శత్రువు ఎలా వచ్చాడు నాయనా? మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. మేమిద్దరం కలిసున్న ఆఖరి పొద్దు అది. దాన్ని కూడా సరిహద్దుకి పంపమంటే ఎలా?"

సుబేదారు మళ్లీ మైకు అందుకున్నాడు. ఈసారి గొంతు తగ్గింది.

"నేనూ సెలవులోనే ఉన్నా వదినా. మా పాపకి రెండు జడలేస్తున్నా. పిలుపొచ్చేసరికి ఒకటే అయింది."